విదేశంలో మొదటి ఏడాది ఎక్కడ ఉండాలి: మనవాళ్ళ రూమా, చుట్టాల ఇల్లా, హాస్టలా?

ఏ యూనివర్సిటీకి వెళ్ళాలన్నది మన ఇళ్ళలో ఏడాది పాటు నడిచే చర్చ. హిమాయత్‌నగర్‌లో ఇద్దరు కన్సల్టెంట్లను, పంజాగుట్టలో ఇంకో ఇద్దరిని కలుస్తారు. ర్యాంకులు చూస్తారు, సీనియర్లకు ఫోన్లు చేస్తారు, చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేస్తారు, వీసా వచ్చాక మళ్ళీ వెళ్ళి నూట ఎనిమిది చేస్తారు. అక్కడ దిగాక ఏ ఇంట్లో, ఎవరితో ఉండాలన్నది మాత్రం ఒక్క సాయంత్రం వాట్సాప్ గ్రూపులో తేలిపోతుంది. "2 బెడ్ 2 బాత్, ఇంకొకరు కావాలి, ఒకరికి 400, ఇవాళే కన్ఫర్మ్ చేయాలి" అని మెసేజ్ వస్తుంది. నాన్నగారు రూపాయల్లోకి మార్చి చూసి "తక్కువే ఉంది, ఓకే చెప్పెయ్" అంటారు. అంతే, ఏడాది లీజు.

పొద్దున ఎన్నింటికి లేవాలి, ఏం తినాలి, రాత్రి పని అయ్యాక ఇంటికి ఎలా చేరాలి, జ్వరం వస్తే ఎవరు గంజి కాస్తారు, ఇవన్నీ తేల్చేది ఆ ఇల్లే. నేను టెక్సస్‌లో ఎంఎస్ చేసి తిరిగొచ్చి నాగోలులో ఉంటున్నాను. మా చిన్నాన్న కూతురు జర్మనీలో చదువుతోంది, మేనత్త కొడుకు ఇంగ్లండ్‌లో. అందుకని ఫాల్ సీజన్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) దగ్గర పడిందంటే తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు ఇంటికొచ్చి అడుగుతుంటారు. అందరికీ నేను మొదట చెప్పే మాట ఒకటే: అద్దె చూసి ఇల్లు తీసుకోకండి, రోజంతా ఎలా గడుస్తుందో చూసి తీసుకోండి.

ముందు ఈ లెక్క వేయండి

రెండు రూములు ఉన్నాయనుకుందాం. ఒకటి క్యాంపస్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర, నెలకు 600 డాలర్లు. రెండోది 450, కానీ బస్సులో పోవడానికి 45 నిమిషాలు, రావడానికి 45. నెలలో 20 రోజులు తిరిగినా 30 గంటలు బస్సులోనే పోతాయి. నెలకు 150 డాలర్లు మిగులుతున్నాయి నిజమే, అంటే గంటకు 5 డాలర్లకు మీ టైం అమ్ముకుంటున్నారు. అమెరికాలో కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస వేతనమే 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువ.

ఆ 30 గంటలూ పనిచేసి సంపాదించేస్తారా అంటే, లేదు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలే పని, అదీ క్యాంపస్‌లోనే. బస్సులో పోయిన గంటలు ఎక్కువగా నిద్రలోంచీ వంటలోంచీ పోతాయి. వంట మానేసిన రోజు బయట తినే తిండికి పది, పన్నెండు డాలర్లు అవుతాయి. అలా మిగిల్చిన 150 ఎక్కడికి పోయిందో నెలాఖరుకి తెలియదు.

దేశాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. అమెరికాలో చదువూ పనీ రెండూ క్యాంపస్‌లోనే కాబట్టి క్యాంపస్ దగ్గరుంటే రెండు విధాలా లాభం. బ్రిటన్‌లోనూ టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే, కానీ బయట షాపుల్లో చేయొచ్చు. కెనడాలో 2024 నవంబర్ నుంచి క్యాంపస్ బయట వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు కలిపి 48 గంటలు. ఈ దేశాల్లో ఇల్లు కాలేజీకి మాత్రమే దగ్గరుంటే చాలదు, పని దొరికే సెంటర్‌కీ, రాత్రి ఆలస్యంగా నడిచే బస్సుకీ దగ్గరుండాలి. రూము చూపించేవాళ్ళు "బస్టాప్ పక్కనే" అంటారు. ఆఖరి బస్సు ఎన్నింటికో, ఆదివారం ఎన్ని నడుస్తాయో మ్యాప్స్‌లో మీరే చూసుకోండి. రాత్రి పదకొండుకి, ఆదివారం మధ్యాహ్నానికి టైం పెట్టి రూటు వెతికితే చాలు, విషయం తెలిసిపోతుంది.

అసలు బస్సే లేని ఊళ్ళూ ఉన్నాయి. మన పిల్లలు బాగా వెళ్ళే టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ సంగతే చూడండి. దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న ఊరు, మామూలుగా రూటు ప్రకారం తిరిగే సిటీ బస్సు లేదు. యాప్‌లో పిలిస్తే వచ్చే షేరింగ్ వ్యాన్లే దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు నిమిషాలకో బస్సు చూసి పెరిగినవాళ్ళకు ఇది అక్కడికి వెళ్ళాక గానీ నమ్మబుద్ధి కాదు.

మనవాళ్ళతో షేరింగ్

అమెరికా వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది దీనికే మొగ్గుతారు, అందులో తప్పేమీ లేదు. ఎయిర్‌పోర్టుకి ఎవరో ఒకరు వస్తారు. మొదటి రోజు గాలి పరుపు ఊది ఇస్తారు, పప్పన్నం పెడతారు, సిమ్ వేయిస్తారు, బ్యాంకుకి తీసుకెళ్తారు. మనింట్లో కంచం తీసి సింకులో వేయడం కూడా రాని కుర్రాడికి ఆ మొదటి నెలలో దొరికే ఈ సాయం డబ్బు పెట్టినా రాదు. ఖర్చు కూడా దీంట్లోనే తక్కువ. నలుగురు కలిసి ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి బస్తా, కందిపప్పు, చింతపండు తెచ్చుకుంటే తిండి ఖర్చు సగానికి పడిపోతుంది.

కష్టాలు మొదలయ్యేది వంటింట్లో. అక్కడి అపార్ట్‌మెంట్లలో వంటిల్లూ హాలూ ఒకటే, గోడ ఉండదు, నేలంతా కార్పెట్. ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి పోపు పెట్టగానే హాల్లో పైన స్మోక్ అలారం కూత మొదలుపెడుతుంది. ఒకడు గరిటె వదిలేసి కిటికీ తీస్తాడు, ఇంకొకడు కుర్చీ ఎక్కి అలారం కింద తువ్వాలు విసురుతుంటాడు, మూడోవాడు జూమ్ కాల్‌లో మ్యూట్ బటన్ కోసం వెతుక్కుంటాడు. వారం తిరిగేసరికి ఎవడో ఆ అలారం బ్యాటరీ పీకేస్తాడు. ఆ పని మాత్రం చేయొద్దు. ఇన్‌స్పెక్షన్‌లో దొరికితే ఫైన్ పడుతుంది. అన్నిటికీ మించి ఆ ఇళ్ళు చాలావరకు చెక్కతో కట్టినవి. పోపు చిన్న మంట మీద, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మూత పక్కన పెట్టుకుని పెడితే సరిపోతుంది. తెల్లటి కౌంటర్ మీద పసుపు పడితే వెంటనే తుడవాలి. తెల్లారితే ఆ మరక పోదు, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లోంచి కోస్తారు.

వంట వంతుల గురించి ముందే మాట్లాడుకోండి. "అందరం కలిసి చేసుకుందాం" అనే రూములో రెండో నెలకల్లా ఒక్కడే వండుతుంటాడు, మిగతావాళ్ళు "నువ్వు బాగా చేస్తావురా" అంటుంటారు. ఒకరు వండితే ఇంకొకరు గిన్నెలు, మరొకరు చెత్త, ఇలా రాసి ఫ్రిజ్ మీద అతికించిన రూములే నేను చూసినంతలో ఏడాది నిలబడ్డాయి. డబ్బుకి స్ప్లిట్‌వైజ్ అనే ఖర్చులు పంచే యాప్ ఉంది, కానీ అందులో ఎక్కించేవాడు ఒక్కడే అయితే అదీ గొడవే.

లీజు సంగతి ఇంకా పెద్దది. దీన్ని అడగకుండా సంతకం పెట్టేవాళ్ళే ఎక్కువ. జాయింట్ లీజు అంటే నలుగురూ కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టేది. ఒకడు సెమిస్టర్ అయ్యాక వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యి వెళ్ళిపోతే వాడి వాటా మిగతా ముగ్గురి నెత్తిన పడుతుంది. లీజింగ్ ఆఫీసుకి నాలుగు వాటాలతో పనిలేదు, మొత్తం అద్దె ఒకటో తారీఖుకి రావాలి, అంతే. బెడ్ చొప్పున విడివిడిగా ఇచ్చే స్టూడెంట్ కాంప్లెక్సులూ ఉంటాయి. వాటిలో అద్దె కాస్త ఎక్కువ, కానీ మంచం, టేబుల్ ఉంటాయి, పక్కవాడు పారిపోయినా మీ జేబుకి చిల్లు పడదు. తెలియని ముగ్గురితో మొదటిసారి కలిసి ఉండబోతుంటే నేనైతే ఆ ఎక్కువ పెట్టి బెడ్ లీజే తీసుకోమంటాను. చిన్నప్పటి నుంచి తెలిసిన స్నేహితులైతే జాయింట్ లీజు సరే.

హాల్ షేరింగ్ అని ఇంకోటి ఉంది. బెడ్‌రూముల్లో ఇద్దరిద్దరు పోగా హాల్లో కర్టెన్ కట్టి ఒకడిని పెడతారు, అద్దె బాగా తక్కువ. హాల్లో ఉన్నవాడు అందరూ పడుకున్నాక పడుకోవాలి, అందరికంటే ముందు లేవాలి. అంతకంటే ముఖ్యం, చాలాసార్లు వాడి పేరు లీజులో ఉండదు. ఎంతమంది ఉండాలో లీజులో రాసే ఉంటుంది. లెక్క తప్పితే నోటీసు అందరికీ వస్తుంది. లీజులో పేరు లేకపోతే డ్రైవింగ్ లైసెన్సుకి చూపించడానికి అడ్రస్ ప్రూఫ్ కూడా కష్టమే. ఎఫ్1 వాళ్ళు ఇల్లు మారిన 10 రోజుల్లో కొత్త అడ్రస్ యూనివర్సిటీకి తెలపాలి కాబట్టి, ఏ అడ్రస్ చెప్పాలో తెలియని చోట ఉండకపోవడమే మంచిది.

మనవాళ్ళ గ్రూపుల్లో ఇంకో సంగతి. వెజ్జా నాన్‌వెజ్జా, మందు అలవాటుందా, ఎన్నింటికి పడుకుంటారు అని అడగడం అవసరమే. కొందరు అక్కడితో ఆగరు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, మీ నాన్నగారు ఏం చేస్తారు అని చుట్టూ తిప్పి కులం దగ్గరికి వస్తారు. అలా మొదలైన రూములో పని వంతులూ మాట వరసా కూడా అలాగే ఉంటాయి. పదివేల మైళ్ళు వెళ్ళి ఆ గోల ఎందుకు? ఆ అద్దె ఎంత చవకైనా వదిలేయండి.

ఇంగ్లిష్ రాదేమో, మనవాళ్ళతో ఉంటే ఇంకా రాదేమో అన్న భయం పెద్దవాళ్ళకు ఎక్కువ. నాకు అది పెద్ద కారణంగా అనిపించదు. క్లాసులో గ్రూప్ ప్రాజెక్టులు, క్యాంపస్ డైనింగ్ హాల్లో పని, ఇవి రెండూ ఉంటే మాట దానంతట అదే వస్తుంది. ఇంటికొచ్చాక అలసిపోయి తెలుగులో తిట్టుకోవడానికి ఒకళ్ళుంటే మంచిదే.

బాబాయి గారిల్లు

"మావాడికి ఇబ్బందేముంది, మా తమ్ముడు వాళ్ళు డల్లాస్‌లోనే ఉన్నారు." ఈ మాట హైదరాబాద్‌లో ప్రతి పెళ్ళిలోనూ వినపడుతుంది. డల్లాస్ అంటే ఒక ఊరు కాదు. బాబాయి వాళ్ళది ఫ్రిస్కో, యూనివర్సిటీ ఆర్లింగ్టన్ అనుకోండి, మధ్యలో 60 కిలోమీటర్ల పైమాటే. ఎల్బీనగర్ నుంచి చౌటుప్పల్ దాటి ఇంకా ముందుకు పోయినంత, అదీ బస్సు లేకుండా. కారు కొనాలి, ఇన్సూరెన్స్ కట్టాలి. కొత్త డ్రైవర్‌కి, అందునా అక్కడ డ్రైవింగ్ రికార్డు లేనివాడికి ఇన్సూరెన్స్ తక్కువేమీ ఉండదు. అద్దె మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది.

దూరం సంగతి సరే, అసలు ఇబ్బంది మొహమాటం. అర్ధరాత్రి వరకు చదువుకుని పొద్దున పదింటికి లేస్తే పిన్ని ఏమీ అనదు, కానీ ఆదివారం హైదరాబాద్‌కి ఫోన్ చేసినప్పుడు "మీవాడు కాస్త ఆలస్యంగా లేస్తాడక్కా" అంటుంది. ఇక్కడ వాళ్ళమ్మకి రెండు రోజులు నిద్ర ఉండదు. వాళ్ళ పిల్లల్ని సాయంత్రం క్లాసులకి దింపమంటారు, మీ మిడ్‌టర్మ్ రేపని వాళ్ళకి తెలియదు. అద్దె తీసుకోరు, కాబట్టి కాదనలేరు. ఏ ఒక్కరి తప్పూ లేకుండానే ఆరు నెలలకు రెండు కుటుంబాల మధ్య మాటలు తగ్గుతాయి. రేపు మళ్ళీ పెళ్ళిళ్ళలో మొహాలు చూసుకోవాలి కదా.

నా సలహా: దిగగానే రెండు వారాలు అక్కడ ఉండండి. ఇళ్ళు కళ్ళతో చూసి, లీజు కాగితం బాబాయితో చదివించి, అప్పుడు రూములోకి మారండి. పండగలకు వెళ్ళండి. చుట్టాల వల్ల దొరికే అసలు లాభం ఇదే, ఇల్లు చూడకుండా ఇక్కడి నుంచి డబ్బు పంపే అవసరం ఉండదు. యూనివర్సిటీ వాళ్ళింటికి ఒక్క బస్సు దూరంలో ఉండి, నెలకింత అని ఏదో ఒకటి మీ నుంచి తీసుకోవడానికి వాళ్ళు ఒప్పుకుంటే మాత్రం ఏడాదంతా ఉండొచ్చు. డబ్బు తీసుకున్నచోట మొహమాటం తక్కువ.

హాస్టల్: జర్మనీలో అదృష్టం, ఇంగ్లండ్‌లో ఖర్చు

అమెరికాలో ఎంఎస్ వాళ్ళకు డార్మ్ (క్యాంపస్ హాస్టల్) గురించి పెద్దగా చెప్పేది లేదు. ఖరీదు ఎక్కువ, చాలాచోట్ల మీల్ ప్లాన్ తప్పనిసరి, వంట చేసుకునే వీలు తక్కువ. బీటెక్ వయసులో అండర్‌గ్రాడ్యుయేట్‌గా వెళ్ళే పిల్లలకు మాత్రం మొదటి ఏడాది డార్మే సరైనది.

జర్మనీ కథ వేరు. అక్కడ స్టుడీరెండెన్‌వెర్క్ అని ప్రతి ప్రాంతంలో ఒక సంస్థ ఉంటుంది, విద్యార్థుల హాస్టళ్ళు, మెస్సులు అదే నడుపుతుంది. బయట అద్దెలతో పోలిస్తే ఆ గదులు చాలా చవక. అందుకే వెయిటింగ్ లిస్టు, మ్యూనిక్ లాంటి ఊళ్ళలో మరీను. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే అప్లై చేయాలి, వీసా వచ్చేదాకా ఆగితే అయిపోయినట్టే. మా చెల్లి అడ్మిషన్ మెయిల్ చూసి ఇంట్లో చెప్పకముందే ఫారం నింపింది. సెమిస్టర్ మొదలయ్యాక గానీ గది రాలేదు, అయినా వచ్చింది.

జర్మనీలో చేతికొచ్చే డబ్బుకి ముందే ఒక గీత ఉంటుంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే మొత్తం 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు. నెలకు 992 మాత్రమే బయటికి వస్తుంది. అందులోంచే అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్, తిండి, ఫోను. ఈ అంకె పక్కన పెట్టుకుని చూస్తే పెద్ద నగరంలో 700 యూరోల గది ఎందుకు తీసుకోకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు. అద్దె అడిగేటప్పుడు కల్ట్ మీటా, వార్మ్ మీటా అని అడగండి. మొదటిది ఉత్త గది అద్దె, రెండోదాంట్లో హీటింగ్, నీళ్ళు కలిపి ఉంటాయి. ఉత్త ఫ్లాట్ తీసుకుంటే కొన్నింట్లో వంటింటి గట్టూ, పొయ్యీ కూడా ఉండవు. ముందున్నవాళ్ళు పీక్కుని పోతారు. వినడానికి వింతగా ఉన్నా అక్కడ మామూలే.

ఇల్లు మారిన రెండు వారాల్లో ఆన్‌మెల్డుంగ్ చేయాలి, అంటే ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు. ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం లేకుండా అది జరగదు, అది లేకపోతే ట్యాక్స్ నంబరు, రెసిడెన్స్ పర్మిట్ అన్నీ ఆగుతాయి. "రూము చవకగా ఇస్తాం, ఆన్‌మెల్డుంగ్ మాత్రం కుదరదు" అని మనవాళ్ళే చెప్పినా, ఒకటి రెండు వారాలు తలదాచుకోవడానికి తప్ప తీసుకోవద్దు.

ఇంగ్లండ్‌లో స్టూడెంట్ బ్లాకులు అన్ని ఊళ్ళలో కనిపిస్తాయి. బాత్‌రూము విడిగా, కిచెన్ ఐదారుగురికి కలిపి, కరెంటు, హీటింగ్, ఇంటర్నెట్ బిల్లులు అద్దెలోనే. పైకి ఖరీదుగా కనిపిస్తుంది. బయట ఇల్లు తీసుకుందామంటే బ్రిటన్‌లో ఉండే గ్యారంటర్‌ని, అంటే అద్దెకు హామీ ఇచ్చే మనిషిని తెమ్మంటారు, చుట్టాలు లేనివాళ్ళకు అదే పెద్ద టెన్షన్. పాత ఇళ్ళలో చలికాలం హీటింగ్ బిల్లు వేరే. కిటికీలు మూసి, బట్టలు గదిలోనే ఆరేస్తే గోడ మూలల్లో నల్లగా బూజు పడుతుంది, దాంతో దగ్గు. ఒకే ఏడాది మాస్టర్స్‌కి వెళ్తూ, తెలిసినవాళ్ళు లేని ఊరైతే బ్లాకే మేలు. కాకపోతే కాంట్రాక్టు 44 వారాలా, 51 వారాలా చూసుకోండి. మాస్టర్స్ డిజర్టేషన్ వేసవిలో ఉంటుంది, సరిగ్గా అప్పుడే గది ఖాళీ చేయమంటే కష్టం.

కలిసి ఇల్లు తీసుకునేవాళ్ళకు కౌన్సిల్ ట్యాక్స్, అంటే అక్కడి ఇంటిపన్ను సంగతి. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కట్టక్కర్లేదు. ఒకడి కోర్సు అయిపోయి గ్రాడ్యుయేట్ వీసాలోకి మారి అదే ఇంట్లో ఉండిపోయాడా, ఆ ఇంటికి బిల్లు మొదలవుతుంది. అది ఎవరు కట్టాలో ముందే అనుకోండి.

పరాయివాళ్ళ ఇంట్లో గది

ధైర్యం ఉన్నవాళ్ళకు ఇది మంచి దారి. జర్మనీలో వేగే అని, వేరువేరు చోట్ల నుంచి వచ్చినవాళ్ళు ఒక ఫ్లాట్ పంచుకుంటారు. గది ఇచ్చే ముందు పెళ్ళిచూపుల్లా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఫ్రిజ్‌లో మీ అర మీది, వాళ్ళది వాళ్ళది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు చప్పుడు చేయకూడదు. మా చెల్లి ఒకసారి రాత్రి పదిన్నరకు పల్లీ చట్నీకి మిక్సీ వేస్తే కింది ఇంటాయన మెట్లెక్కి వచ్చాడు. ఆదివారం షాపులు మూసే ఉంటాయి కాబట్టి శనివారం సాయంత్రానికే పాలు, కూరగాయలు తెచ్చిపెట్టుకోవాలి. ఇదంతా ఓర్చుకుంటే భాష మాత్రం కోర్సులకి డబ్బు కట్టకుండానే వస్తుంది. జర్మనీలో ఉద్యోగం కావాలనుకునేవాళ్ళకు అది చిన్న సంగతి కాదు. అమెరికా విషయంలో ఇంగ్లిష్ గురించి తేలిగ్గా మాట్లాడాను గానీ, జర్మన్ గురించి అలా అనలేను.

ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఇళ్ళ కరువు వల్ల చాలామంది డిగ్స్‌కి వెళ్తారు, అంటే ఓనర్ ఉంటున్న ఇంట్లోనే ఒక గది. కొందరు సోమవారం నుంచి శుక్రవారం వరకే ఇస్తారు. అద్దెదారుకి ఉండే హక్కులు అక్కడ ఉండవు, వెళ్ళమంటే వెళ్ళాల్సిందే. వంటింటి వాడకం గురించి ఎంత స్పష్టంగా మాట్లాడుకుంటే అంత మంచిది.

కెనడాలో బ్రాంప్టన్ వైపు బేస్‌మెంట్లు (ఇంటి కింద నేలమాళిగలో అద్దెకిచ్చే గదులు) మామూలు. విడి దారి ఉందా, మనిషి బయటికి రాగలిగేంత కిటికీ ఉందా, ఆ యూనిట్ సిటీలో రిజిస్టర్ అయిందా, ఈ మూడూ నిప్పు అంటుకున్న రోజు పనికొచ్చే ప్రశ్నలు. బ్రాంప్టన్ ఉన్న ఒంటారియోలో ఓనర్ ఆఖరి నెల అద్దె అడ్వాన్సుగా తీసుకోవచ్చు గానీ, ఇల్లు పాడైతే అంటూ డ్యామేజ్ డిపాజిట్ తీసుకోకూడదు. అడిగారంటే చట్టం తెలియదనుకోవాలి, లేదా మీకు తెలియదని వాళ్ళు అనుకుంటున్నారనుకోవాలి.

అమ్మాయిలను ఒంటరిగా ఇలాంటి గదుల్లో పెట్టడానికి మనవాళ్ళు ఒప్పుకోరు. నన్నడిగితే "అమ్మాయిలు మాత్రమే" అన్న బోర్డు కంటే ఇంటి నుంచి బస్టాపు దాకా నడిచే దారిలో దీపాలు ఉన్నాయా లేవా అన్నది ముఖ్యం. వీధి ఫొటోలు మ్యాప్స్‌లో కనిపిస్తాయి, ఇక్కడే కూర్చుని చూడొచ్చు. అమెరికాలో చాలా క్యాంపస్‌లు రాత్రిపూట విద్యార్థులను ఇంటిదాకా దింపే సర్వీసు నడుపుతాయి. అది మీ వీధి దాకా వస్తుందా అని యూనివర్సిటీకి మెయిల్ పెడితే చెప్తారు.

ఇల్లు తేలాకే బేగంబజార్

షాపింగ్ ముందు, ఇల్లు తర్వాత అన్నట్టు చేస్తారు. తిరగేయండి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన మిక్సీ అక్కడ సరిగ్గా తిరగదు. మోసుకెళ్ళి అటక మీద పెట్టడమే. ఇంగ్లండ్, జర్మనీ, ఆస్ట్రేలియాల్లో 230, అక్కడ పనిచేస్తుంది, ప్లగ్గు మార్చే అడాప్టర్ చాలు. పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, ఇండక్షన్ అడుగున్న స్టీల్ కుక్కర్ కావాలి. హాస్టల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టనిస్తారో లేదో రూల్స్ చదవండి.

నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా మూటకట్టే అమ్మలకు ఒక మాట: ఇంగ్లండ్‌కీ యూరప్‌కీ మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు, పట్టుకుంటే పారేస్తారు. అమెరికాకీ మాంసం పచ్చళ్ళు వద్దు. ఆస్ట్రేలియాకి తినేది ఏది తీసుకెళ్ళినా దిగేటప్పుడు నింపే డిక్లరేషన్ కార్డులో రాసి చూపించాలి, రాయకపోతే జరిమానా. ఆవకాయ, కారప్పొడి, కందిపొడి బాగా సీల్ చేయించి పెట్టండి.

డబ్బు పంపే ముందు వీడియో కాల్ అడగండి. ఫొటోలు చాలవు. మెయిన్ డోర్ నుంచి మొదలుపెట్టి మీరు పడుకోబోయే చోటు దాకా ఆపకుండా నడుస్తూ చూపించమనండి, ట్యాపు తిప్పమనండి, ఇప్పుడున్నవాళ్ళలో ఒకరితో ఓనర్ లేకుండా మాట్లాడండి. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళం పోస్టులో వస్తుంది అన్నారంటే అక్కడితో ఆ చాట్ డిలీట్ చేయండి. లీజు మొదలయ్యే తేదీ, మీ ఫ్లైట్ తేదీ పక్కపక్కన రాసుకోండి. ఆగస్టు మధ్యలో దిగేవాడికి ఆగస్టు ఒకటి నుంచి అద్దె పడితే రెండు వారాల డబ్బు వృథా, సెప్టెంబర్ ఒకటి నుంచైతే రెండు వారాలు ఎక్కడుండాలో చూసుకోవాలి. జనవరిలో వెళ్ళేవాళ్ళు కొత్త లీజు కోసం తాపత్రయపడకుండా, డిసెంబర్‌లో చదువు అయిపోయి వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర మిగిలిన నెలలకు సబ్‌లీజ్ అడగండి. లీజింగ్ ఆఫీసు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తీసుకోండి. మంచం, టేబుల్ కూడా వాళ్ళు చవగ్గా వదిలేసి వెళ్తారు.